అమ్మ ఎట్ల మాట్లాడుతది

మా అక్కకు పుట్టుకతోనే వినపడదు. నాకంటే మూడేళ్ళు పెద్దది. నేను మాటలు నేర్చుకునే నాటికే ఆమెకు మాటలు రావని మా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. నర్సింహులపేట దగ్గర మాదొక చిన్న ఊరు. కొంచెం పొలం, మిర్చి తోట, రెండు బర్రెలు. ఆ ఇంట్లో నేను నోటితో మాట్లాడటం, చేతులతో మాట్లాడటం ఒకేసారి నేర్చుకున్నాను. ఏది ముందు వచ్చిందో చెప్పమంటే చెప్పలేను.

మా సైగలు ఎవరూ నేర్పినవి కావు, ఇంట్లో పుట్టినవే. ముక్కు పక్కన వేలు పెడితే అమ్మ, ఎందుకంటే అమ్మకు ముక్కుపుల్ల ఉంది. భుజం తడితే బాపు, ఆయన తువ్వాల ఎప్పుడూ అక్కడే ఉంటుంది. గడ్డం కింద గీత గీస్తే నేను. చిన్నప్పుడు మంచం మీద నుంచి పడి గడ్డం చీరుకుపోయిన మచ్చ నాకు ఇప్పటికీ ఉంది. అన్నం, వాన, బర్రె, కోపం, నిద్ర. ఇంట్లో బతకడానికి సరిపోయేటన్ని సైగలు ఉండేవి. సరిపోనప్పుడు అక్క నా వైపు చూసేది, అమ్మా నా వైపే చూసేది. "అది ఏమంటాందే?" అని అమ్మ అడిగితే చెప్పేదాన్ని. అమ్మ అన్నది అక్కకు చేతులతో చెప్పేదాన్ని. నీళ్ళు మోసినట్టే అదీ ఒక ఇంటిపని అనుకున్నాను.

తర్వాత బాపు ఆమెను పట్నంలో వినపడని పిల్లల బడిలో చేర్పించాడు. అక్కడ ఆమెకు అసలైన సైగల భాష వచ్చింది, చదువూ వచ్చింది. సెలవులకు ఇంటికి వస్తే ఆమె వేళ్ళ వేగం నాకు అందేది కాదు. రోజుకు ఒక కొత్త సైగ నేర్పించేది. పుస్తకమంటే ప్రాణం. మొదట్లో విభక్తులు తప్పేవి, 'నేను బడి వెళ్ళు' అని రాసేది. బజ్జీలు కట్టిచ్చిన కాగితం కూడా వదలకుండా చదివి చదివి అవీ సరిచేసుకుంది.

చదువు అయిపోయి ఇంటికి వచ్చాక అక్కకు కష్టకాలం మొదలైంది. నేను జనగామలో డిగ్రీ చదవడానికి వెళ్ళిపోయాను. ఊళ్ళో అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. ఎక్కడెక్కడి వాళ్ళో దగ్గరయ్యారని జనం సంబరపడ్డారు. అక్కకు మాత్రం ఫోన్ అంటే నలుగురూ ఆమె ముందు చెవికి ఆనించుకుని పక్కకు తిరిగే వస్తువు. నేను ఇంటికి చేస్తే అమ్మతో మాట్లాడి, "అక్క మంచిగుందా?" అని అడిగి పెట్టేసేదాన్ని. వారాల తరబడి ఆమె ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడకుండా గడిపేది.

ముఖాలు కనపడే ఫోన్ వచ్చాక అది మారింది. నేను స్కాలర్‌షిప్ డబ్బులతో కొనిచ్చిన ఫోన్‌ను అక్క కుట్టుమిషన్ మీద గోడకు ఆనించి, బడిలో తనతో చదివిన స్నేహితురాళ్ళను ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుంది. ఒకామె మహబూబాబాద్‌లో, ఒకామె భూపాలపల్లిలో. అమ్మ నాకు ఫోన్ చేసి ఆశ్చర్యంగా చెప్పింది.

"ఫోన్ గోడకు నిలవెట్టి ఇటు ఇది, అటు అది, చేతులు తిప్పుడే తిప్పుడు. ఒక్క సప్పుడు లేదు బిడ్డా. కానీ నవ్వుడు జూడు, ఆగుతలేదు. అది గట్ల నవ్వంగ నేనెన్నడు జూడలే."

డిగ్రీ అయ్యాక నాకు జనగామలోనే ఉద్యోగం దొరికింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని వదిలి వచ్చిన ఒకాయన అక్కడ చిన్న కంపెనీ పెట్టాడు. ఎరువుల దుకాణం పైన రెండు గదులు. ఫోన్‌లో ఆర్డర్ పెడితే కిరాణా సామాను చుట్టుపక్కల ఊళ్ళకు ఆటోలో పంపేవాళ్ళం. స్టేషన్ ఘన్‌పూర్ దాకా వెళ్ళేవి మా ఆటోలు. ఆయనను అందరం అన్న అనే పిలిచేవాళ్ళం. "ఇంటికాడికి సామాను పట్నమోళ్ళకే రావాల్నా? మనూళ్ళోళ్ళు ఏం పాపం జేసిన్రు?" అనేవాడు. ఆయనకు కోపం వచ్చినా, సంతోషం వచ్చినా అదే మాట.

నా పని ఫోన్లు ఎత్తడం. కానీ ఫోన్ చేసేవాళ్ళకంటే యాప్‌లో రాసి అడిగేవాళ్ళు ఎక్కువవుతున్నారు. వాళ్ళకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు. తెలుగు తొందరగా టైపు చేసే మనిషి కావాలని అన్న ఒకరోజు అందరినీ అడిగాడు.

"మా అక్క ఉన్నదన్నా," అన్నాను. "కానీ ఆమెకు వినపడదు. మాట్లాడదు."

ఆయన, "చాట్ల ఇనేదేమున్నది చెల్లే? రమ్మను," అన్నాడు.

ఇంట్లో బాపు ఒప్పుకోలేదు. "నలుగుట్ల కూసుంటే నవ్వుతరు బిడ్డా. ఇంటికాడ దాని మానాన అది ఉన్నది గదా," అన్నాడు. అక్క మా పెదవులు చూస్తూ కూర్చుంది. సంగతి చెప్పమని నా మోచేయి లాగింది. చేతులతో చెప్పాను. అంతా చూసి, "అందులో నా ముఖం కనపడుతుందా?" అని అడిగింది. కనపడదన్నాను. "నాకు వినపడదని వాళ్ళకు తెలుస్తుందా?" తెలియదన్నాను. లేచి వెళ్ళి బట్టలు సర్దుకుంది. బస్సు దాకా సంచి బాపే మోసుకొచ్చాడు.

జనగామలో ఒక గది తీసుకున్నాం. ఆఫీసులో ఆమెది నా పక్క కుర్చీ. నేను ఫోన్‌లో తిట్లు తింటూ ఉంటే ఆమె టకటకా టైపు చేస్తూ ఉండేది. అన్న ఆమె స్క్రీన్ చూసి మురిసిపోయాడు, ఒక్క అక్షరం తప్పు లేదు.

"నమస్కారమండి. మీ సరుకులు బయలుదేరినవి. దయచేసి కొంతసేపు వేచి ఉండగలరు."

అలా ఉండేది అక్క తెలుగు. ఆమెకు తెలిసిన తెలుగు పాఠ్యపుస్తకాల్లోదీ, పేపర్లలోదీ మాత్రమే. ఎవరి నోటి నుంచీ వచ్చింది కాదు.

ఒకరోజు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒకాయన, ఆటో ఆలస్యమైందని రాసి, ఆమె జవాబు చూసి, "నువ్వు మనిషివా మిషన్‌వా?" అని అడిగాడు. అక్క, "నేను మనిషినేనండి," అని రాసింది. "మిషన్లు గూడ గట్లనే అంటయ్," అని ఆయన జవాబు.

నేను చదివి పకపకా నవ్వాను. అక్క నవ్వలేదు. సాయంత్రం గదికి నడిచి పోతుంటే దారిలో ఆగి అడిగింది. ఎందుకు మిషన్ అనుకున్నాడు?

"నీ తెలుగు మరీ శుభ్రంగా ఉంది. అట్లా ఎవరూ మాట్లాడరు," అన్నాను చేతులతో.

ఆమె నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయింది. వెనక నుంచి బండివాడు హారన్ కొడుతుంటే నేనే పక్కకు లాగాను. "అట్లా మాట్లాడరా? మరెట్లా మాట్లాడతారు?" అంది.

ఇన్నేళ్ళలో ఈ సంగతి చెప్పాలని నాకు తట్టనే లేదు. చేతుల్లో 'వచ్చింది' అనడానికి ఒక్కటే సైగ. నోటికొచ్చేసరికి పుస్తకంలో 'వచ్చినది', టీవీలో 'వచ్చింది', మా ఇంట్లో 'అచ్చింది'. గదికి వెళ్ళాక మూడూ రాసి చూపించాను. ఆ మూడో మాటను చాలాసేపు చూసింది. అచ్చుతప్పేమో అన్నట్టు చూసింది.

మర్నాటి నుంచి ఆమె చాట్లు చదివే తీరు మారింది. అంతకుముందు ఏం కావాలో మాత్రమే చూసేది. ఇప్పుడు ఎలా అడిగారో చూడటం మొదలుపెట్టింది. 'గిదేంది, పెసర్లు చెప్తే మినుములు అచ్చినయ్.' 'పొద్దుగాల్ల పంపుర్రి, మల్ల పొలంకాడికి పోవాలె.' 'పొద్దట్నుంచి ఎదురుచూసుడే, మస్తు పరేషాన్ చేస్తున్నరు మీరు.' ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి నన్ను అడిగేది. అన్నిటికంటే ఆమెకు 'జర' నచ్చింది. బొటనవేలు, చూపుడువేలు కొంచెం ఎడంగా పట్టి చూపించి, ఇంతేనా అని అడిగింది. అంతే, కానీ అందులో బతిమాలటం కూడా ఉంటుందని చెప్పాను. ఇక ఆ మాట పెట్టని జవాబు లేదు.

'జర ఆగుర్రి అన్నా. ఆటో తొవ్వల ఉన్నది.'

జనం కూడా మారారు. మిషన్ అన్న మనిషే, 'సరే అక్కా, పైలం,' అని రాశాడు. పైలం అంటే జాగ్రత్త అని చెబితే, ఆయన జాగ్రత్త నాకెందుకు చెప్పాడు అని రోజంతా నవ్వుకుంది.

టైపు చేయడం రానివాళ్ళు మాటనే రికార్డు చేసి పంపేవాళ్ళు. దాన్ని అక్షరాలుగా మార్చే సదుపాయం మా కంప్యూటర్‌లో ఉంది కానీ, మా మాట దానికి సగమే అర్థమయ్యేది. ఒక అవ్వ పంపిన మాటను అది 'జలుబు పంపు బిడ్డ' అని రాసింది. అక్క కంగారుగా నా భుజం తట్టి, జలుబు ఎవరు కొనుక్కుంటారు అని అడిగింది. నేను విని చూస్తే అవ్వ అన్నది 'జల్ది పంపు బిడ్డా' అని, తొందరగా పంపమని. సంగతి చెప్పాక ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అన్న వచ్చి, ఏమైందని అడిగి, ఆయనా నవ్వాడు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకామె రాసింది. బిడ్డ ఇంటికి వచ్చిందట, మురుకులు చేస్తుందట. 'బియ్యప్పిండి జల్ది పంపు తల్లీ, నీ కడుపు సల్లగుండ.' అక్క చదివి, కడుపు చల్లగా ఉండటమేమిటని అడిగింది. అదొక దీవెన అన్నాను. నీకు మేలు జరగాలి, నీ పిల్లలు బాగుండాలి అని.

అక్క మళ్ళీ స్క్రీన్ చూసింది. తర్వాత ముక్కు పక్కన వేలు పెట్టి, ఆ వాక్యం చూపించింది. అమ్మ కూడా ఇట్లనే మాట్లాడుతుందా?

"అచ్చం ఇట్లనే," అన్నాను.

"ఈ మాట అంటుందా?"

"రోజూ అంటుంది."

"నన్ను అన్నదా ఎప్పుడైనా?"

నేను ఆలోచించాల్సిన పని లేదు. అక్క అమ్మకు కాళ్ళు పిసికినప్పుడల్లా, జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చినప్పుడల్లా అమ్మ ఆమె తల నిమిరి ఆ మాటే అనేది. నేను చేతులతో 'అమ్మ సంతోషపడుతోంది' అని చెప్పేదాన్ని. 'కడుపు చల్లగుండ' అని చేతుల్లో ఎలా చెప్పాలో నాకెవరు నేర్పారు? చాలాసార్లు అన్నది అని చెప్పాను. అక్క తల ఊపి మళ్ళీ పనిలో పడింది. ఆ పూట మాత్రం జవాబులు మెల్లగా వెళ్ళాయి.

తర్వాతి ఆదివారం ఇంటికి వెళ్ళాం. బస్సులోనే ఆమె నాకు చెప్పి పెట్టింది. అమ్మ ఏమంటే అది, అన్నది అన్నట్టు, ఒక్క మాట మార్చకుండా నా ఫోన్‌కు పంపు. నువ్వు అర్థం చెప్పొద్దు.

వాకిట్లో ఎండుమిర్చి కుప్ప పోసి ఉంది. అమ్మ తొడిమలు తీస్తోంది. అక్క ఎదురుగా కూర్చుని తనూ తీస్తోంది, పక్కన ఫోన్. నేను గడప మీద కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాను.

'ఓ కోడీ, నీ పాడుగాను, వడ్లల్లనే వడ్డవా మల్ల.'

'మీ బాపును జూడు, చెప్పులొకటి ఆడ, ఒకటి ఈడ. కాళ్ళు గూడ గట్లనే ఇడిసిపెట్టస్తడేమో.'

'పక్కింటామె కోడలు గింత పొద్దెక్కినంక లేసి గిప్పుడు ముగ్గేస్తాంది. నాకెందుకులే. నేనన్నానని చెప్పకు.'

అక్క ఫోన్ చూడటం, నవ్వడం. మళ్ళీ చూడటం, మళ్ళీ నవ్వడం. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏందే, నేను నోరు తెరిచినప్పుడల్లా అది నవ్వుతాంది?"

చెప్పాను. అమ్మ మాట ఎలా ఉంటుందో తనకు తెలియాలని అక్క అడిగిందనీ, అందుకే రాస్తున్నాననీ చెప్పాను. అమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుని టీవీలో వార్తలు చదివే ఆమెలాగా మొదలుపెట్టింది. "అమ్మాయీ, నీవు కుశలముగా ఉన్నావా? ఉద్యోగము బాగున్నదా?" నేను అదీ రాశాను. అక్క చదివి చెయ్యి అడ్డంగా ఊపింది. ఇది అమ్మ కాదు, మామూలుగా మాట్లాడమను.

అమ్మ చేతిలోని మిరపకాయ అలాగే ఆగిపోయింది.

"అంటే, నా మాట ఎట్లుంటదో దానికి ఇన్నేండ్లు తెల్వదా?"

"పుస్తకంల ఉన్నట్టు మాట్లాడుతవనుకున్నదే అమ్మా."

అమ్మకు కళ్ళు నిండాయి. మిర్చి చేతితోనే తుడుచుకుంది. ఒక్క కేక పెట్టింది. అక్క చేటను తన్నేసి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చి, అమ్మ తల వెనక్కి వంచి కళ్ళు కడిగింది. బాపు ఏమైందోనని పొయ్యి కాడి నుంచి వచ్చాడు. ఏడుపెంతో, మంటెంతో ఎవరికీ తెలియలేదు. అమ్మ కళ్ళు మూసుకునే, తల అక్క ఒడిలో పెట్టి, మాట్లాడుతూ పోయింది. నేను రాస్తూ పోయాను.

'నువ్వు పుట్టినప్పుడు నీకు జోల పాడిన తల్లీ. ఇనవడదని తెల్వక పాడిన. తెలిసినంక గూడ పాడిన. ఆగబుద్ధి గాలే. నువ్వు నా నోరు దిక్కే జూస్తుంటివి. ఇంటున్నవనే అనుకున్న.'

అక్క ఒక చేత్తో అమ్మ నుదురు పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చదివింది. తర్వాత నా వైపు తిరిగి, ఏం పాడిందో అడగమంది.

"పాటేం గాదు బిడ్డా," అంది అమ్మ. "ఊకె గునిగిన."

మాటల్లేకుండా గొంతులోనే రాగం తీస్తూ గునగడానికి సైగ ఏమిటో నాకు తెలియదు. అమ్మనే గునగమన్నాను. అక్క చెయ్యి తీసి అమ్మ గొంతు మీద పెట్టాను. అమ్మ గునిగింది. అక్క కళ్ళు మూసుకుంది. బాపు ఆ చిందరవందరైన మిర్చి మధ్యలోనే కూర్చుండిపోయాడు.

మా కంపెనీ ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. పెద్ద కంపెనీల బండ్లు జనగామలోకి వచ్చాయి. పెట్టుబడి పెడతామన్నవాళ్ళు చాట్లకు మనుషులెందుకు, మిషన్ పెట్టుకోమన్నారు. అన్నకు ఇష్టం లేకపోయినా కొద్ది రోజులు పెట్టి చూశాడు. అది తప్పుల్లేని తెలుగులో జవాబులిచ్చింది. 'మొన్నటిదాక ఉన్న అక్క ఏది? ఆమెను పిలువుర్రి,' అని జనం రాశారు. అక్క ఆ మాటలను ఫొటో తీసి దాచుకుంది. చివరికి అన్న మమ్మల్ని కూర్చోబెట్టి, "నాతోని గాలే చెల్లే," అన్నాడు. ఆయన కళ్ళలోకి చూడలేక నేను గోడ వైపు చూస్తుంటే, అక్క లేచి వెళ్ళి ఆయనకు టీ తెచ్చి ఇచ్చింది.

అన్నే భూపాలపల్లిలో తనకు తెలిసినవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు వరికోత మిషన్లు, మందు కొట్టే డ్రోన్లు ఫోన్ మీద రైతులకు కిరాయికి ఇస్తారు. కాటారం వైపు రైతులు మిషన్ ఎప్పుడొస్తుంది, వానొస్తే ఎట్లా అని రాస్తుంటారు. వాళ్ళకు జవాబు చెప్పే పని అక్కది. ఊరికి తిరిగి వెళ్ళి ఇంట్లోనే కుట్టుమిషన్ పక్కన టేబుల్ వేసుకుని చేస్తుంది. నేను పని వెతుక్కుంటూ హన్మకొండ వచ్చేశాను. నేను ఇంట్లో లేకపోతే వాళ్ళిద్దరూ ఎలా మాట్లాడుకుంటారోనని మొదట్లో దిగులుపడ్డాను.

మొన్న వెళ్ళినప్పుడు చూశాను. అమ్మకు చదవడం రాదు. అందుకని అక్క టైపు చేసిందాన్ని ఫోన్ పైకి చదివి వినిపిస్తుంది. అమ్మ నోటితో చెబితే అది అక్షరాలవుతుంది. ఈమధ్య దానికి మా మాట కాస్త ఎక్కువే అర్థమవుతోంది. తప్పు రాస్తే అక్క పట్టేస్తుంది. మామిడి తొక్కులో ఉప్పు ఎక్కువైందని వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నారు. మధ్యలో నేను చేతులు ఎత్తబోతే ఇద్దరూ ఆగమన్నారు.

పోట్లాట సద్దుమణిగాక అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి, "ఈ గొంతు మార్చరాదా బిడ్డా?" అంది.

"ఎందుకే?"

"అది రేడియోలెక్క మాట్లాడుతాంది. నా బిడ్డకు గొంతుంటే గిట్లుండకపోవు. జర మెత్తగుంటుండె."

అక్కకు చెప్పాను. ముగ్గురం మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఉన్న గొంతులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాం. అమ్మ ఒకటి వద్దంది, ఒకటి మొగోని గొంతంది, ఒకటి మరీ ముద్దుగా ఉందంది. అక్క అమ్మ ముఖమే చూస్తూ కూర్చుంది. చివరికి ఒక గొంతు దగ్గర అమ్మ, "గిదైతే నయం," అంది.

అక్క ఫోన్ తీసుకుని ఏదో టైపు చేసి నొక్కింది.

"అమ్మా, ఆకలైతాంది. బువ్వ వెట్టు."

అమ్మ ఇంకోసారి నొక్కించుకుని విన్నది. తర్వాత లేచి పళ్ళాలు తేవడానికి లోపలికి వెళ్ళింది.